చేతిఫోనులు – మన యింటి మాట

(షోలాపురమున మా పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి వార్షికోత్సవమునను పరీక్షా ఫలితములను గూర్చి మాటలాడుట మాకు పరిపాటి. ఆ వివరములు నివేదికలో నున్నవి. నేడు బడికి వెలుపల, మీ యిండ్లలో, రాత్రి భోజనమునకు ముందు వెనుకల జరుగుచున్న ఒక విషయమును మీ యెదుట పెట్టదలచితిమి. అది పిల్లల చేతిలోని ఫోను.

ముందుగా మా తప్పు మేము చెప్పుకొందుము. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినప్పుడు, "ఎట్లయినను ఒక ఫోను సమకూర్చుడు, పాఠములు దానిలో చెప్పెదము" అని మిమ్ము కోరినవారము మేమే. సాంచెలు ఆగి, కూలి లేని ఆ దినములలో అప్పు చేసి కొన్నవారు మీలో కలరు. తరువాత బడులు తెరచితిమి, పిల్లలు వచ్చిరి, ఫోను మాత్రము వారి చేతినుండి దిగలేదు. కనుక మిమ్ము నిందించు నధికారము మాకు లేదు.

ఈ సంవత్సరము అయిదవ తరగతి పిల్లలకు ఒక చిన్న పని యిచ్చితిమి. "మీ పెద్దలు ఏ యూరినుండి షోలాపురమునకు వచ్చిరి? ఏల వచ్చిరి? ఇంటిలో అడిగి పది పంక్తులు వ్రాసి తెండు" అంటిమి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మొదలగు ప్రాంతములనుండి నేతపనికై వచ్చి స్థిరపడిన కుటుంబములు మనవి. ప్రతి యింటను ఒక కథ యుండును. అయినను సగము మందియైనను వ్రాసి తేలేదు. కారణ మడిగితిమి. ఒక బాలుడు తల వంచుకొని, "తాత ఫోనుల వీడియోలు చూస్తుండె సార్, ఎప్పుడు అడగాలె?" అనెను.

ఆ మాట విన్నది మొదలు దీనిని పిల్లల దోషముగా తలచుట మానితిమి. ఒకే గదిలో నలుగురు నాలుగు మూలల కూర్చుండి నాలుగు తెరలు చూచుచుండగా, బిడ్డను మాత్రము పుస్తకము తీయుమనుట ఎట్లు?

తెలుగు రాష్ట్రములలోని బిడ్డ అంగడికి వెళ్ళినను, బస్సెక్కినను తెలుగు వినును. మన బిడ్డ మన పేట దాటెనా, మరాఠీయో హిందీయో వినవలెను. ఆ భాషలు నేర్చుట మంచిదే. అవి లేక ఇచ్చట బ్రదుకు లేదు. కాని తెలుగునకు మిగిలిన ముఖ్యమైన తావులు రెండు: బడి, ఇల్లు. ఇంటి సాయంకాలమును ఫోను తీసికొన్నచో బడి యొక్కటే మిగులును. బడి యొక్కటే భాషను నిలుపజాలదు.

"ఫోనులోను తెలుగు వచ్చును గదా" యని కొందరు తండ్రులు మమ్ము అడిగిరి. వచ్చును. కాని ఫోనులోని వీడియో చెప్పును గాని వినదు. బిడ్డ తప్పు పలికిన దిద్దదు, ప్రశ్న వేసిన బదులీయదు. చిన్నపిల్లలు మాట నేర్చునది ఎదుటివారితో మాటకు మాట కలుపుట వలననే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది నిండని శిశువునకు తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంట మించరాదనియు, ఎంత తగ్గిన అంత మేలనియు సలహా యిచ్చినది. పెద్దపిల్లలకును నిద్రకు, ఆటకు, చదువునకు పోగా మిగిలిన కాలమే ఫోనునకు చెందవలెను. పగటి వెలుతురులో ఆరుబయట ఆడు పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చుట తక్కువ యని వైద్యులు చెప్పుచున్నారు.

మీ కష్టము మేమెరుగుదుము. దినమంతయు సాంచెల చప్పుడులో నిలిచి వచ్చిన తండ్రికి ఇంటిలో నిశ్శబ్దము కావలెను. బీడీల లెక్క యొప్పజెప్పవలసిన తల్లికి పిల్లల యల్లరి అడ్డు. చేతికి ఫోనిచ్చిన ఇద్దరికిని శాంతి. కోపము వచ్చిననాడు లాగుకొందుము, బిడ్డ యేడ్చును, మరల ఇత్తుము. ఏడ్చిన ఫోను వచ్చునని బిడ్డ నేర్చుకొనును. ఒక వీడియో ముగియగనే మరియొకటి తనంత తానే వచ్చుచుండగా పెద్దవారమే ఆపుకొనలేకున్నాము. ఎనిమిదేండ్ల బిడ్డ ఎట్లాపును?

కనుక కొన్ని చిన్న కట్టుబాట్లు కోరుచున్నాము. మొదటిది, భోజనవేళ ఇంటిలోని ఫోనులన్నియు, తాతగారి ఫోనుతో సహా, గోడగూటిలో ఉండవలెను. పసివానికి ఫోను చూపి ముద్ద పెట్టు అలవాటు మానుడు. రెండవది, పండుకొనుటకు గంట ముందే ఫోను ఆపి, పడకకు దూరముగ నుంచుడు. మూడవది, ఫోనునకు ఒక వేళను, ఒక కొలతను ముందే చెప్పుడు. మీకు కనబడు చోటనే చూడనిండు. తరువాతి వీడియో తనంత తాను రాకుండ అమర్పించుడు. నాలుగవది, ఖాళీయైన వేళను ఖాళీగ విడువకుడు. అష్టాచెమ్మకును, పులిమేక ఆటకును సుద్దముక్కయు, చింతగింజలును చాలును. బీడీలు చుట్టు తల్లి చేతులకు తీరిక లేదు గాని, నోటికిని చెవికిని ఉన్నది. బిడ్డను గుమ్మమున కూర్చుండబెట్టి పాఠము పైకి చదువుమనవచ్చును. ఒక పొడుపుకథ విప్పుమనవచ్చును.

మా వంతు మేమును చేసెదము. ఇకమీదట ఇంటిపని ఫోనునకు పంపము. బిడ్డ చేతనే నోటుపుస్తకములో వ్రాయించి పంపెదము. ఫోను సందేశములు పెద్దలకు తెలియజేయవలసిన సమాచారమునకు మాత్రమే.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. వాని తాతగారికి ఒక చీటీ వ్రాసి పంపితిమి. రెండు దినముల తరువాత బాలుడు పది పంక్తులు చాలక వెనుక పుట కూడ నింపి తెచ్చెను. అందులో గుంటమగ్గము, ఆసు, కండె, నాడె అను మాటలున్నవి. అవి మేము చెప్పిన పాఠములలోనివి కావు. ఆ తాత నోట తప్ప వానికి అవి దొరకవు.

నేటి రాత్రి భోజనవేళ మీ యింటిలో ఒక ప్రశ్నకు తావిండు.