ఇసుక కింద ఏరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరునని నన్ను మాట్లాడమన్నారు. వంతెనల సంగతులు చెబుతాననుకుని ఉంటారు. నేను మన ఏటి గురించి చెబుతాను.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. కంభం దాటి ఈశాన్యంగా సాగి, తర్వాత దక్షిణానికి మళ్లి, అద్దంకి పక్కగా మన ఊరికొచ్చి, చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం సుమారు 848 నాటిది. తెలుగు పద్యం కనిపించే తొలి శాసనాల్లో అదొకటి. అంటే ఈ ఒడ్డున మన పద్యానికి దాదాపు 1200 ఏళ్లు.

తుఫాను వస్తే మన ఏరు రెండు రోజులు ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. మాఘమాసానికి సన్నని పాయ మిగులుతుంది. ఇలాంటి ఏటికి పారే నీటికన్నా నిలిచే నీరే ప్రాణం.

పెద్దలకు ఇది తెలుసు. కంభం దగ్గర రెండు కొండల నడుమ సందుకు అడ్డంగా కట్ట వేశారు. కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఆ చెరువు నేటికీ ఉంది. మన కాలంలో మల్లవరం దగ్గర జలాశయం కట్టాం, 2008లో ప్రారంభమైంది. 2022లో ఒక గేటు, 2023లో మరో గేటు కొట్టుకుపోయి నీళ్లు సముద్రం పాలయ్యాయి. కట్టడం ఎంత పనో, కట్టినదాన్ని కనిపెట్టుకుని ఉండడమూ అంతే పని.

ఎవరూ కట్టని జలాశయం ఇంకొకటి ఉంది. అది ఏటి ఇసుక. ఘనమీటరు ముతక ఇసుకలో ఇంచుమించు మూడో వంతు సందులే. అవి నిండితే సుమారు 300 లీటర్లు. పైన ఇసుక కప్పి ఉండడంతో ఎండకు త్వరగా ఆవిరి కాదు. మన బడి బావి నీరు ఉప్పన కాబట్టి, రోజుకిద్దరం బిందెలు పట్టుకుని ఏటికి వెళ్లేవాళ్లం గుర్తుందా? మూరెడు లోతు చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు ఊరేవి. మండువేసవిలోనూ బడి మొత్తం అవే తాగింది.

ఆ చెలమలు ఇప్పుడు లేవు. ఇసుక తీసేకొద్దీ ఏటి అడుగు దిగుతుంది. అడుగు దిగితే ఒడ్డు మీద బావుల నీరు కూడా ఏటివైపు జారి కిందికి పోతుంది. వరదొస్తే వంతెన స్తంభాల కాళ్లు బయటపడతాయి.

ఇందులో నా వాటా చెప్పకపోతే తప్పవుతుంది. ముప్పై ఏళ్లు నేను కట్టిన ప్రతి స్లాబులో ఏదో ఒక ఏటి ఇసుక ఉంది. లారీలో ఎన్ని యూనిట్లు వచ్చాయో కొలిచి సంతకం పెట్టాను. అది తీసిన గుంట ఎంత లోతో ఒక్కసారీ వెళ్లి కొలవలేదు. ఈ వేదిక వెనకున్న గదులకు మనం తట్టలతో మోసిన ఇసుక మరుసటి వరదకు మళ్లీ నిండింది. యంత్రాలతో తోడింది అలా నిండదు. ఏరు తెచ్చినంతే ఇస్తుంది.

ఇప్పుడు కట్టడాలకు రాళ్లను పిండి చేసిన ఇసుక వాడుతున్నారు. నేనూ వాడుతున్నాను. కొండలకూ లెక్క ఉందని మరవకూడదు గానీ, ఏటికి కొంత ఊపిరి.

నా కోరిక ఒక్కటే. ప్రతి నెలా మొదటి సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలు బడి బావిలో నీటి లోతు కొలిచి ఒక పుస్తకంలో రాయాలి. ఏరు దిగుతోందని పదిమందీ అంటే మాటగా పోతుంది. పదేళ్ల కొలతలు చూపితే ఎవరైనా ఆగి వినాల్సిందే. టేపూ, పుస్తకమూ తెచ్చాను, హెడ్మాస్టరు గారికి అప్పగిస్తున్నాను.

మన రోజుల్లో ఆ బావికి నాలుగు బారల తాడు సరిపోయేది. ఈ ఉదయం నేను కొలిస్తే ఏడు బారలు పట్టింది. పుస్తకంలో మొదటి వరుస అదే. రెండో వరుస వచ్చే నెల పిల్లలు రాస్తారు.