ఎవరు చూశారు, ఎవరు లెక్కపెట్టారు?

ఈ ఉక్కలో గౌన్లు తొడుక్కుని కూర్చున్న పిల్లల్ని మర్యాదల పేరుతో ఇంకా ఉడికించడం పాపం. నేరుగా విషయానికొస్తాను.

పత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కు మీద జుట్టు నెరిసినవాణ్ణి. మా చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో నెహ్రూ, నాసర్‌ల పక్కన యుగోస్లావియా నేత టిటో కనిపించేవాడు. అలీన దేశాల తొలి శిఖరాగ్ర సభ 1961లో ఆయన రాజధాని బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. ఆ యుగోస్లావియా ముక్కలవుతున్న వార్తలు రాయడం నా వంతుకొచ్చింది.

1991 నవంబరు 20. రెండు రోజుల కిందటే క్రొయేషియాలోని వుకోవర్ పట్టణం సెర్బుల చేతికి చిక్కింది. రాయిటర్స్ కాపీ వచ్చింది: అక్కడ 41 మంది సెర్బు చిన్నపిల్లల్ని క్రొయేషియన్లు చంపేశారట, ఒక ఫొటోగ్రాఫర్ చూశాడట. మా ఇన్‌చార్జి ఆ వార్త ఆపేశాడు. వివేకమనుకునేరు, ఆ చోటుకి ఆఖరి నిమిషంలో చీరల ప్రకటన వచ్చిపడింది! మర్నాడే రాయిటర్స్ ఆ వార్తను వెనక్కి తీసుకుంది. శవాల్ని తాను చూడలేదని ఫొటోగ్రాఫరే ఒప్పుకున్నాడు. ఈలోపు బెల్‌గ్రేడ్ పత్రికలు, టీవీ దాన్ని ఊరూరా చేర్చేశాయి. సవరణ ఎవరు చదువుతారు?

ఆ వార్త వచ్చిన రాత్రే వుకోవర్ ఆసుపత్రి నుంచి పట్టుకెళ్లిన దాదాపు 200 మందిని ఓవ్‌చారా అనే చోట సెర్బు సాయుధులు కాల్చి పాతిపెట్టారు. ఈ శవాలు మాత్రం నిజం. 1996లో తవ్వి తీశారు.

అంతదాకా ఎలా వచ్చింది? టిటో 1980లో పోయాడు. అప్పులు పెరిగాయి, ధరలు మండాయి, సోషలిజం మీద నమ్మకం ఆవిరైంది. జనాన్ని కూడగట్టడానికి నాయకులకు భయం ఒక్కటే మిగిలింది. ఆ భయానికి నిజమైన గాయమూ ఉంది: రెండో ప్రపంచ యుద్ధంలో క్రొయేషియాలోని ఉస్తాషా ఫాసిస్టు పాలకులు లక్షల మంది సెర్బుల్ని చంపారు. వాళ్ల ఎముకల్ని 1990 ప్రాంతంలో గుహల్లోంచి తీసి, టీవీలో చూపించి, మళ్లీ ఖననం చేశారు. చనిపోయినవాళ్లకు ఆ గౌరవం దక్కాల్సిందే. అదే వేదిక మీద నిలబడి ‘ఈసారి మీ వంతు’ అంటూ పక్కింటివాణ్ణి చూపించినవాడిదే దుర్మార్గం. అటు క్రొయేషియాలో అధ్యక్షుడు తుడ్జ్‌మన్ ప్రభుత్వం సెర్బు ఉద్యోగుల్ని ఇళ్లకు పంపి ఆ మంటలో ఆజ్యం పోసింది. ఇరువైపులా జనం తమ పిల్లల్ని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. నా బెంగ అక్కడే. భయపడ్డవాడికి తన చేతిలో కత్తి కనపడదు.

మూడో వరుసలో అబ్బాయ్, ఆ ఫోను కాసేపు జేబులో పెట్టు నాయనా! పట్టా పుచ్చుకున్నాక ఎలాగూ దాన్లోనే ఉంటావు. అందుకే ఇదొక్కటి అడుగుతున్నాను, అందర్నీ. ఫలానావాళ్లు మన పిల్లల్ని చంపేశారంటూ ఇంటి గ్రూపులో వస్తే, పంపింది పెదనాన్న అయినా సరే, ఎవరు చూశారు, ఎవరు లెక్కపెట్టారు అని అడగండి. ఆయన అలుగుతారు. అలగనివ్వండి.