"ఏం పని చేస్తారమ్మా?": సర్వే మొదలుపెట్టే ముందు

సోషియాలజీ, ఎకనామిక్స్, సోషల్ వర్క్ చదివేవాళ్ళు, డిగ్రీలో ప్రాజెక్టు చేయాల్సినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. "క్వాంటిటేటివ్ రీసెర్చ్ అంటే లెక్కలు బాగా రావాలా?" అనేది మొదటిది. "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అనేది రెండోది. ఎక్కాలు, శాతాలు, సగటు వస్తే మొదలుపెట్టడానికి చాలు. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను. ఎందుకంటే మన సర్వేలు చాలావరకు కంప్యూటర్ దాకా రాకముందే, ఎవరింటి గుమ్మం దగ్గరో నిలబడి అడిగిన మొదటి ప్రశ్నతోనే పాడైపోతాయి.

అదెలాగో చూద్దాం. ఈ ఎపిసోడ్ అంతా ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్దాం. ఒక ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు? వినడానికి ఎంత తేలిగ్గా ఉంది కదా.

మీరు ఫామ్ పట్టుకుని ఒక ఇంటికి వెళ్ళారనుకోండి. అరుగు మీద ఇంటాయన కూర్చుని ఉన్నాడు. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగారు. "ఏం చేస్తది, ఇంట్లోనే ఉంటది" అన్నాడు. సరే, ఆయన మాట ఎందుకులే అని ఆవిడనే అడిగారు, "ఏం పని చేస్తారమ్మా?" అని. ఆవిడ కూడా నవ్వి, "నాకేం పని బాబూ, ఇంటి దగ్గరే" అంది. మీరు 'గృహిణి' అనే గడిలో టిక్ పెట్టి పక్కింటికి వెళ్ళిపోయారు.

ఆవిడ పొద్దున్నే నాలుగున్నరకి లేచి పేడ తీసి, రెండు గేదెల పాలు పిండి, పాలకేంద్రంలో పోసి వచ్చింది. మధ్యాహ్నం గడ్డి కోసుకొస్తుంది. సాయంత్రం మళ్ళీ పాలు పిండుతుంది. పాల బిల్లు మాత్రం ఆయన పేరు మీద ఉన్న అకౌంట్‌లో పడుతుంది. ఆ ఇల్లు నడిచేదే ఆ బిల్లు మీద. మీ ఫామ్‌లో మాత్రం ఆవిడ 'పని చేయని మనిషి'.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. 'పని' అంటే మీ మనసులో ఒకటి ఉంది, ఆవిడ మనసులో ఇంకొకటి ఉంది. ఆవిడ లెక్కలో పని అంటే కూలికో, ఉద్యోగానికో బయటికి వెళ్ళి డబ్బు చేతికి తెచ్చుకోవడం. మన లెక్కలో ఏమిటి? అది ముందే తేల్చుకుని రాసిపెట్టుకోవాలి. రీసెర్చ్ భాషలో దాన్నే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. పేరు పెద్దగా ఉంది గానీ విషయం చిన్నది. ఒక భావనని కొలవాలంటే, దేన్ని లెక్కలోకి తీసుకుంటాం, దేన్ని తీసుకోం, ఎంత కాలానికి అడుగుతాం అని ఖరారు చేసుకోవడం. పేదరికం, చదువు, వివక్ష, సంతోషం, ఏదైనా సరే, ఇది దాటకుండా అంకె రాదు.

ఇది కాలేజీ ప్రాజెక్టుల సమస్య మాత్రమే అనుకోకండి. మన దేశంలో ఉద్యోగాల లెక్కలు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే నుంచి వస్తాయి. 2017లో మొదలైంది. అందులో ప్రతి మనిషికీ ఒక యాక్టివిటీ కోడ్ వేస్తారు. ఇంటి పని మాత్రమే చేస్తే 92. ఇంటి పనితో పాటు కట్టెలు, పశువుల మేత ఏరి తేవడం, ఇంటివాళ్ళ కోసం కుట్టుపని లాంటివి చేస్తే 93. ఈ రెండు కోడ్‌లు పడ్డవాళ్ళు కార్మికుల లెక్కలోకి రారు. ఇంటి సొంత వ్యవసాయంలోనో, వ్యాపారంలోనో జీతం లేకుండా చేయి వేస్తే కోడ్ 21. వాళ్ళు వస్తారు. మన గేదెల అమ్మ పాలు అమ్ముతున్న ఇంటి మనిషి కాబట్టి 21 పడాలి. కానీ అడిగేవాళ్ళు "పాలు అమ్ముతారా అమ్మా? ఎవరు పిండుతారు?" అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తేనే పడుతుంది. తొందరలో ఉంటే 92తో సరి. మనిషి అదే, గేదెలు అవే. దేశం లెక్కలో మాత్రం ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు.

ఇప్పుడు ఈ సర్వే అంకెలు చూడండి. 15 ఏళ్ళు దాటిన మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవాళ్ళు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్ళలో అంత పెరుగుదల! అందులో ఎక్కువ భాగం పల్లెల్లో స్వయం ఉపాధి, అంటే సొంత పొలం, సొంత పశువులు, జీతం లేని సాయం. దీని మీద ఎకనామిస్టుల మధ్య పెద్ద చర్చే నడుస్తోంది. నిజంగానే ఎక్కువమంది పనిలోకి వచ్చారా, గతిలేక వచ్చారా, లేక ముందు నుంచీ చేస్తున్న పనినే ఇప్పుడు సరిగ్గా రాసుకుంటున్నారా? నా ఉద్దేశంలో మూడూ కొంత కొంత ఉన్నాయి. శాతం మాత్రమే చూసి రీల్ చేసేవాళ్ళకి ఈ మూడో ప్రశ్న తట్టనే తట్టదు.

అమెరికాలోనూ ఇదే కథ. 2023లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పాత రికార్డులు తవ్వి చూస్తే, భర్తతో కలిసి పొలంలో పనిచేసినవాళ్ళకీ, ఇంటి వ్యాపారం చూసుకున్నవాళ్ళకీ వృత్తి అనే చోట 'భార్య' అని రాసి ఉంది. ఆవిడ లెక్క సరిచేసి చూస్తే, 1890ల చివర్లో పెళ్ళైన ఆడవాళ్ళలో పనిచేసేవాళ్ళ శాతం సెన్సస్ చూపించిన దానికి దాదాపు మూడు రెట్లు తేలింది. ఒక గడిలో రాసిన ఒక మాట వందేళ్ళ చరిత్రని ఎలా మార్చేసిందో చూడండి.

మరి ప్రశ్న ఎలా అడగాలి? ఒక మంచి దారి 2019లో జరిగిన టైమ్ యూజ్ సర్వేలో ఉంది. "పని చేస్తారా" అని అడగలేదు. నిన్న తెల్లవారుజామున 4 నుంచి ఈ రోజు 4 దాకా, ప్రతి అరగంటకీ ఏం చేశారో చెప్పమన్నారు. అలా అడిగితే బయటపడింది ఏమిటంటే, జీతం లేని ఇంటి పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. "నాకేం పని" అన్న ఆవిడ రోజులో దాదాపు ఐదు గంటలు అలా బయటికొచ్చాయి. ఇది గేదెల లెక్క కలపకుండానే.

ఇక్కడే రెండు మాటలు నేర్చేసుకుందాం. పరీక్షల్లో కూడా అడుగుతారు. కిరాణా కొట్టు కాటా ఎప్పుడు తూచినా 100 గ్రాములు తక్కువ చూపిస్తుందనుకోండి. ప్రతిసారీ ఒకే అంకె వస్తుంది కాబట్టి దానికి రిలయబిలిటీ ఉంది. అసలు బరువు చెప్పట్లేదు కాబట్టి వాలిడిటీ లేదు. "ఏం పని చేస్తారమ్మా" అనే ప్రశ్న అలాంటి కాటానే. వెయ్యి ఇళ్ళలో అడిగినా ఒకేలా తక్కువ తూస్తుంది.

సరే, ప్రశ్న కుదిరింది. ఇక ఎవర్ని అడగాలి?

ఈ రోజుల్లో అందరూ చేసేది ఒక్కటే. గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేయడం. "అన్నా, 800 రెస్పాన్సులు వచ్చాయి" అని సంబరం. కానీ ఆ 800 మందిలో మన గేదెల అమ్మ ఉందా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవాళ్ళు సుమారు 54 శాతం. పల్లెల్లో అయితే సగం కన్నా తక్కువ. అది ఏ మొబైల్ అయినా సరే, స్మార్ట్‌ఫోన్ అని కూడా కాదు. కొన్నేళ్ళలో కొంత మారి ఉంటుంది, నిజమే. కానీ మీ ఫామ్ చేరేది మీలాంటివాళ్ళకే, మీ ఫ్రెండ్స్ ఫ్రెండ్స్‌కే.

ఎక్కువమందిని అడిగితే సరిపోతుందిలే అనుకునేవాళ్ళు 1936 అమెరికా ఎన్నికల సంగతి తెలుసుకోవాలి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకి పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని అచ్చేసింది. ఫలితాల్లో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా చాలా చిన్న శాంపిల్‌తో జార్జ్ గాలప్ గెలుపు ఎవరిదో సరిగ్గా చెప్పాడు. పత్రికవాళ్ళ అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి వచ్చాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికి ఉంటాయి? పైగా వచ్చిన బ్యాలెట్‌ని ఓపిగ్గా తిప్పి పంపినవాళ్ళు వేరే, చెత్తబుట్టలో వేసినవాళ్ళు వేరే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు మన పెద్దలు. శాంపిల్ అంటే అదే. కానీ పులుసులో ఉప్పు చూడాలంటే? కలపకుండా పైపైన గరిటె ముంచితే ఏం తెలుస్తుంది? గిన్నె ఎంత పెద్దదన్నది కాదు, కలిపారా లేదా అన్నది ముఖ్యం. సర్వేలో ఆ కలపడాన్నే ర్యాండమ్ అంటారు. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. బస్టాండ్‌లో ఎదురైనవాళ్ళని అడగడం ర్యాండమ్ కాదు, అది మన వీలు. ర్యాండమ్ అంటే ఊళ్ళో ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో మనకి తెలిసి ఉండాలి.

ఊళ్ళో 600 ఇళ్ళు ఉన్నాయనుకోండి. ముందు అన్ని ఇళ్ళ జాబితా రాయండి. ఊరి చివర కాలనీ, పొలాల్లో గుడిసెలు, అన్నీ రావాలి. జాబితాలో లేని ఇంటికి మీ సర్వేలో చోటే ఉండదు. 60 ఇళ్ళు కావాలంటే 1 నుంచి 10 లోపు చీటీ తీయండి. 7 వచ్చిందా? 7, 17, 27, అలా పోతూ ఉండండి. ఇంతే. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే వెనక ఉన్నదీ ఆయనే. ఇంత పెద్ద దేశాన్ని శాంపిల్‌తో కొలవొచ్చని చేసి చూపించారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన సి.ఆర్.రావు గారు దశాబ్దాల పాటు పనిచేసింది ఆ సంస్థలోనే.

ఇప్పుడు అసలు చిక్కు. 17వ ఇంటికి మధ్యాహ్నం 12కి వెళ్ళారు, తాళం వేసి ఉంది. మీరేం చేస్తారు? పక్కింటి తలుపు తడతారు. అక్కడే దెబ్బ పడుతుంది. తాళం ఎందుకు ఉంది? ఆ ఇంటి ఆడమనిషి కూలికి వెళ్ళింది కాబట్టి! పక్కింట్లో మనిషి ఉన్నది ఇంట్లో ఉంటుంది కాబట్టి. మీరు కొలవాలనుకున్నదే పని, మీరు వదిలేస్తున్నది పనిచేసేవాళ్ళని. సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ వెళ్ళండి. లేకపోతే ఆదివారం వెళ్ళండి. నా దృష్టిలో సర్వే నాణ్యత మొత్తం ఈ రెండోసారి వెళ్ళడంలో ఉంది.

ఇంట్లో ఎవరున్నారన్నది పెద్ద సర్వేల్నీ తిప్పలు పెడుతుంది. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 1000 మంది మగవాళ్ళకి 1020 మంది ఆడవాళ్ళు అని వచ్చేసరికి దేశమంతా హెడ్‌లైన్లే. 2011 సెన్సస్‌లో అది 943. ఆ సర్వే లెక్కపెట్టింది ముందురోజు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళని. హాస్టళ్ళలో, బ్యారక్‌లలో, పని చోట షెడ్లలో ఉన్న మగవాళ్ళు అందులోకి రారు. అదే సర్వేలో పుట్టిన పిల్లల లెక్క చూస్తే 1000 మంది మగపిల్లలకి 929 మంది ఆడపిల్లలే. రెండు అంకెలూ ఒకే రిపోర్టులో ఉన్నాయి, ఒకటే వైరల్ అయింది.

ఎంతమందిని అడగాలి అంటే, ర్యాండమ్‌గా తీసినప్పుడు పనికొచ్చే ఒక కొండగుర్తు ఉంది. 1ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించండి. 100 మంది అయితే అటూ ఇటూ 10 శాతం, 400 అయితే 5, 1600 అయితే 2.5. అంటే తేడా సగానికి తగ్గాలంటే నాలుగు రెట్ల మందిని అడగాలి. 100 మందిని అడిగి 52 శాతం, 48 శాతం అని వస్తే "ఎక్కువమంది" అని రాయకండి. ఇంకో మాట, ఈ సూత్రం వాట్సాప్ ఫామ్‌కి వర్తించదు. కలపని పులుసుని ఎన్ని గరిటెలు తాగినా అంతే.

విశ్లేషణ గురించి ఈ రోజు కొంచెమే. మీ డేటాలో చదువుని ఒక పక్క, పనిని ఇంకో పక్క పెట్టి పట్టిక వేస్తే, చదువు లేనివాళ్ళలో పనిచేసేవాళ్ళు ఎక్కువ, టెన్త్, ఇంటర్ వాళ్ళలో తక్కువ, డిగ్రీ పైన చదివినవాళ్ళలో మళ్ళీ ఎక్కువ రావచ్చు. మన దేశపు డేటాలో చాలాసార్లు కనిపించిన ఆకారమే ఇది. చూడగానే "ఇంటర్ చదివితే ఆడవాళ్ళు పని మానేస్తారు" అని రాయాలనిపిస్తుంది. ఆగండి. ఇంటర్ చదివించిన ఇంటికి కాస్త పొలం ఉండొచ్చు, కూలికి పంపడం నామోషీ అనుకోవచ్చు, వాళ్ళ చదువుకి తగ్గ ఉద్యోగం ఆ ఊరి దరిదాపుల్లో లేకపోవచ్చు. అందుకే అదే పట్టికని పొలం ఉన్న ఇళ్ళకి విడిగా, లేని ఇళ్ళకి విడిగా వేసి చూడండి. రెండింట్లోనూ అదే ఆకారం ఉందా, మాయమైందా? రిగ్రెషన్ చేసేదీ స్థూలంగా ఈ పనే, ఒకేసారి నాలుగైదు విషయాలతో. 60 ఇళ్ళ ప్రాజెక్టుకి ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చాలు. తర్వాత నేర్చుకోవాలనుకుంటే 'ఆర్' ఉచితం, దాని జోలికి వెళ్ళండి.

ఊళ్ళోకి వెళ్ళే ముందు మాత్రం ఒక పది ఇళ్ళలో పైలట్ చేయండి. ఈ పది అసలు లెక్కలో కలపొద్దు. మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఇష్టమైతేనే చెప్పమనండి. పేరు రాసుకోకండి. వీలైతే ఇంటాయన పక్కన లేనప్పుడు ఆవిడతో మాట్లాడండి, అందుకు టీమ్‌లో అమ్మాయిలు ఉంటే మంచిది. "ఏం పని చేస్తారు" అని మొదలుపెట్టకండి. "నిన్న పొద్దున ఎన్నింటికి లేచారమ్మా? లేచాక ఏం చేశారు? ఆ తర్వాత?" అని అడుగుతూ పోండి. గేదెల దగ్గరికి వచ్చాక "పాలు ఎక్కడ పోస్తారు, బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది" అని అడగండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, టీ కూడా ఇస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో 'పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను' టైపు ప్రశ్నలు ఎలా రాయాలో, మనవాళ్ళు మొహమాటానికి అన్నిటికీ 'అవును' అన్నప్పుడు ఏం చేయాలో చూద్దాం. ఉంటాను మరి.