రిజిస్టరుకెక్కని జబ్బు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ మాట్లాడుకునేవి డి.ఆర్. బకాయిలు, పి.ఆర్.సి., మెడికల్ రీయింబర్స్‌మెంటు. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి మాత్రం కార్యదర్శిగారు నాకు వృద్ధాప్యంలో మానసిక ఆరోగ్యం అనే విషయం అప్పగించారు. నేను డాక్టరును కాను, ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్లు నడిపిన గుమాస్తాను. కాబట్టి నాకు అలవాటైన వరుసలోనే, ముందు లెక్కలు, తరువాత నోటు, చివర ప్రతిపాదన, మనవి చేస్తాను.

ముందు లెక్కలు. మన దేశంలో వయసు మళ్లినవారి స్థితిగతుల మీద 2017-18లో 'లాసీ' అనే పెద్ద సర్వే జరిగింది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ దానిని నడిపింది. 45 ఏళ్లు, ఆపైన వయసున్నవారినీ, వారి జీవిత భాగస్వాములనూ కలుపుకుని 72 వేల మందికి పైగా జనాన్ని కలిసి వివరాలు సేకరించారు. నివేదిక 2021 జనవరిలో వెలువడింది. అందులో ఒకే ఒక్క లెక్క మీ ముందుంచుతాను. 60 దాటినవారిని పద్ధతి ప్రకారం ప్రశ్నించి చూస్తే నూటికి 8.3 మందిలో డిప్రెషన్, అంటే మనసు కుంగుబాటు, ఉన్నట్టు తేలింది. అయితే తమకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపినవారు నూటికి 0.8 మంది మాత్రమే.

మన ఆఫీసు భాషలో చెబుతాను. పది తపాళ్లు వస్తే ఒక్కటే ఇన్‌వార్డు రిజిస్టరుకెక్కింది. తక్కిన తొమ్మిదీ బల్ల సొరుగులో పడి ఉన్నాయి. నంబరు పడని కాగితం మీద ఎవరూ చర్య తీసుకోరని మనకు ఒకరు చెప్పాలా?

ఎందుకు ఎక్కలేదు? మన ఇళ్లలో 'మనసు బాగోలేదు' అని పెద్దవాళ్లు చెప్పుకోవడం తక్కువ. నడుము లాగేస్తోందంటాం, అరగడం లేదంటాం, నిద్ర పట్టడం లేదంటాం. ఇంట్లోవాళ్లు వయసైపోయింది కదా అంటారు. మనమూ అవునంటాం. అక్కడితో ఫైలు మూతపడుతుంది.

నాతో పనిచేసిన సూపరింటెండెంటుగారు ఒకరున్నారు. పేరు చెప్పను. భార్య పోయాక కొడుకు దగ్గర చేరారు. కొడుకూ కోడలూ మంచివాళ్లే. వేళకు కాఫీ, టిఫిను, మందులు, దేనికీ లోటు లేదు. అయితే పేపరు మడత ఇంకొకరు విప్పితే ఒప్పుకోని మనిషి, పేపరు ముట్టుకోవడమే మానేశారు. మన సమావేశాలకు రావడం మానేశారు. కడుపులో మంట, గుండెలో దడ అన్నారు. ఏడాది పాటు పరీక్షలు చేయించారు. అన్నింటిలోనూ ఏమీ లేదనే వచ్చింది. చివరికి ఒక డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి, "పొద్దున్న లేవగానే ఏం చేయాలనిపిస్తుందండీ?" అని అడిగారట. ఈయన చాలాసేపు ఆలోచించి, "లేవాలనే అనిపించడం లేదండి" అన్నారట. ఆ ఒక్క జవాబుతో మనోవైద్యుడి దగ్గరికి పంపారు. మందు గుణం కనిపించడానికి నెల పట్టింది. నాలుగో నెలలో ఆయనే నాకు ఫోను చేసి, "డి.ఆర్. జీవో వచ్చిందటగా, ఎంత శాతం?" అన్నారు. ఆరోగ్యం కుదుటపడిందని ఇంకే డాక్టరూ నాకు సర్టిఫికెట్టు ఇవ్వనక్కరలేకపోయింది.

ఆ ఇంట్లో సేవకు లోటు లేదని ఇందాకే చెప్పాను. లోటు మాటకే. పిల్లలు "భోంచేశారా, మాత్ర వేసుకున్నారా" అని అడుగుతారు. అవును, కాదు అంటే సరిపోతుంది. "ఈ సంబంధం మీకెలా అనిపిస్తోంది నాన్నా?" అని అడిగితే ఆ పెద్దమనిషి నోరు విప్పుతాడు. ఇంట్లో ఇంకా తన లెక్క ఉందని తెలుసుకుంటాడు.

దీని మీద పరిశోధన కొత్తది కాదు. యెసవేజ్ అనే అమెరికా మనోవైద్యుడు, ఆయన సహచరులు 1983లోనే ముసలివారి కోసం ప్రత్యేకంగా 30 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. తరువాత దానిని 15కు కుదించారు. ఒంటి నొప్పులు, ఆకలి వంటివి వయసుతోనూ వస్తాయి గనుక వాటిని వదిలేసి మనసునే అడిగారు. బతుకు మీద తృప్తి ఉందా, ఇష్టమైన పనులు వదిలేశారా, గడప దాటబుద్ధి కావడం లేదా, ఇలాంటివి. దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టరుకు చెప్పాలి. థైరాయిడు లోపం, బి12 లోపం, వాడే కొన్ని మందులు కూడా ఇలాంటి లక్షణాలు తెస్తాయి గనుక ఆయన అవీ చూస్తారు.

ఇక నోటు. డాక్టర్లు కానివాళ్లం మనమేం చేయగలం అంటారేమో. గోవా వైద్య కళాశాల, సంగత్ అనే సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి గోవాలో ఒక పరిశోధన చేశారు. 60 దాటి, దిగులు ఉండి, ఇంకా పూర్తి జబ్బుగా ముదరని 181 మందిని తీసుకున్నారు. అందులో ఒక జట్టు దగ్గరికి శిక్షణ పొందిన మామూలు మనుషులు వెళ్లారు. కష్టాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి ఒక్కొక్కటే ఎలా తీర్చుకోవాలో ఆలోచింపజేశారు. నిద్ర, షుగరు వంటివాటికి జాగ్రత్తలు చెప్పారు. రావలసిన ప్రభుత్వ సహాయం అందేలా తోడ్పడ్డారు. ఏడాది తిరిగేసరికి, వీరు వెళ్లని జట్టులో నూటికి 14 మందికి జబ్బు ముదిరింది. వెళ్లిన జట్టులో నూటికి 4 మందికే. ఈ ఫలితాలు 2019లో 'జామా సైకియాట్రీ' పత్రికలో అచ్చయ్యాయి.

దరఖాస్తు నింపడం, ఆఫీసుకు వెంట వెళ్లడం, ఆగిపోయిన కాగితం కదిలించడం మన పని కాదా? దాని వల్ల మనిషి మనసు కూడా నిలబడుతుందని ఆ పరిశోధనతో నాకు బోధపడింది.

ఇప్పుడు ప్రతిపాదన.

ఒకటి. ఒకప్పుడు లైఫ్ సర్టిఫికెట్టు కోసం అందరం వరుసలో నిలబడేవాళ్లం. కాళ్లు లాగేవి గానీ, ఎవరు చిక్కిపోయారో, ఎవరు రాలేదో తెలిసేది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఇంట్లోనే కూర్చుని పని పూర్తిచేసుకోవచ్చు. సుఖమే, కాదనను. బతికున్నామని ప్రభుత్వానికి తెలుస్తోంది. ఎలా బతుకుతున్నామో తోటివాడికి తెలియాలి కదా! అందుచేత మన సంఘం ఒక గైర్హాజరీ రిజిస్టరు పెట్టాలి. వరుసగా మూడు నెలలు రాని సభ్యుని ఇంటికి ఇద్దరు వెళ్లాలి. ఫోనుతో సరిపెట్టకూడదు.

రెండు. ఫ్యామిలీ పెన్షను తీసుకునే సోదరీమణులు. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారిలో ఈ కుంగుబాటు ఎక్కువని లాసీ నివేదిక చెబుతోంది. కాగితాలు పూర్తయ్యాక వారిని మరిచిపోకూడదు. వారినీ ఈ రిజిస్టరులో చేర్చాలి.

మూడు. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో ప్రారంభమైంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567 ఉంది. ఈ రెండూ మన డైరీ మొదటి పేజీలో అచ్చువేయాలి. "నేను పోతే మీకు హాయి" అని ఎవరైనా అంటే దానిని చాదస్తమని కొట్టిపారేయకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

నలుగురికీ తెలిస్తే పిచ్చి అంటారని భయపడేవారికి ఒక మాట. ఒంటి జబ్బులకు వర్తించే ప్రాతిపదిక మీదనే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 21వ సెక్షనులో రాసి ఉంది. బి.పి. మాత్ర దాచుకుని వేసుకోము గదా! ఇదీ అంతే. మొదలుపెట్టిన మందు డాక్టరు చెప్పకుండా మానవద్దని కూడా మనవి.

ఈ మూడు అంశాలను సభవారు ఆమోదించి, వచ్చే నెల నుంచే అమలులో పెట్టాలని కోరుతున్నాను. మొదటి జట్టులో నా పేరు రాసుకోండి. రెండో పేరు మీలో ఎవరైనా ఇవ్వండి.