రంది తగ్గించే గోలీలు



జ్వరం వస్తే నలుగురికీ చెబుతాం. మనసుకు రంది పడితే మాత్రం దాచుకుంటాం. సిరిసిల్లలో సాంచె నడిపే అన్నకైనా, కోరుట్లలో బీడీలు చేసే అక్కకైనా, జగిత్యాల నుంచి దుబాయి పోయిన తమ్మునికైనా ఈ జబ్బు రావచ్చు. నిద్ర పట్టదు. అన్నం సయించదు. దేని మీదా మనసు పోదు. ఇది రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. ఇది దయ్యం కాదు, గాలి కాదు. దీని పేరు కుంగుబాటు. దీనికి మందులున్నాయి.

మొదటి మందు దొరికిన కథ వినండి. 1952లో అమెరికాలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చారు. దిగులుగా పడుకున్నవాళ్లు లేచి నవ్వసాగారు. అలా కుంగుబాటుకు మందు తెలిసింది. కానీ దానితో కొందరికి కాలేయం చెడింది. అందుకే దాన్ని పక్కన పెట్టారు. తర్వాత అంతకంటే మేలైనవి వచ్చాయి. అయినా ఏ మందుకైనా మేలుతో పాటు కొంత ఇబ్బంది ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. మొదటి వారంలో కడుపులో తిప్పవచ్చు. తల నొయ్యవచ్చు. నోరు ఎండవచ్చు. కొందరికి మగతగా ఉంటుంది, కొందరికి నిద్రే రాదు. వీటిలో చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మేలు తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇది తెలియక "ఈ గోలీ నాకు పడలేదు" అని కొందరు మధ్యలో మానేస్తారు. రంది అట్లనే ఉండిపోతుంది.

కొందరికి ఆలుమగల కలయిక మీద కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి దాచొద్దు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు.

మగతగా ఉంటే సాంచె దగ్గరికి పోవద్దు, బండి నడపొద్దు. కల్లు, సారా ముట్టొద్దు. కల్తీ కల్లులో నిద్రమందు కలుపుతారు. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు నొప్పుల గోలీలు కూడా డాక్టరును అడిగే వేసుకోవాలి.

గోలీలు ఒక్కసారిగా ఆపొద్దు. ఆపితే తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, ఒంట్లో కరెంటు తగిలినట్టు జిల్లుమంటుంది. నయమైనాక కూడా కొన్ని నెలలు వాడాలి. తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

ఒక్క మాట పైలంగా వినండి. 25 ఏళ్లలోపు వారిలో కొందరికి మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగవచ్చు. ఇంటివాళ్లు కనిపెట్టి ఉండాలి. గోలీలు ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉండాలి. అటువంటి మాట వినబడినా, నిద్ర లేకుండా అతిగా హుషారు కనబడినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 14416కు ఫోను కూడా చేయవచ్చు. ఇది 2022లో మొదలైన టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతారు. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. గోలీ పేరు చదవండి. ఏ రోజు ఏ ఇబ్బంది వచ్చిందో కాగితం మీద రాయండి. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. నోట రాని మాట రాతలో చెప్పవచ్చు.