నెపం వంశం మీద, కొరత కంచంలో



జన్యువులను చదివేవారు, ఆహారాన్ని చదివేవారు, పిల్లలకు వైద్యం చేసేవారు, ఊళ్లలో పిల్లలను తూకం వేసే అంగన్‌వాడీ కార్యకర్తలు ఒకే సభలో కూర్చోవడం మన దగ్గర అరుదు. ఇంతమందిని ఒకచోట చేర్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు అన్ని అంశాలనూ తలా కాస్త తడమడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక్క సంగతే పట్టుకుంటాను. తిండి వల్ల జరిగిన నష్టాన్ని మనం వంశం ఖాతాలో రాసేస్తున్నాం. ఇళ్లలో రాస్తున్నాం, కార్యాలయాల్లో రాస్తున్నాం, అప్పుడప్పుడు పరిశోధన పత్రాల్లో కూడా రాస్తున్నాం.

"మాది షుగర్ వంశం డాక్టరుగారూ, రాక తప్పదు." "మా ఇంటావంటా అందరూ పొట్టివాళ్లే, పిల్లాడు ఎదగలేదంటే వింతేముంది?" ఈ మాటలు వినని వైద్యులు ఈ హాల్లో ఉండరు. చదువురాని వాళ్ల మాటలని వీటిని తీసిపారేయడానికి లేదు. 1980ల తొలినాళ్లలో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త ఇదే మాటను పాండిత్యంతో అన్నారు: పేద దేశాల పిల్లలు ఆకారంలో చిన్నవాళ్లే, అయినా ఆరోగ్యవంతులే, తక్కువ తిండికి ఒళ్లు సర్దుకుందని. దాన్ని గట్టిగా ఎదిరించినవారిలో మన జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ ముందువరసలో ఉన్నారు. ఎదుగుదల కుంగడం ఒళ్లు సర్దుకోవడం కాదు, ఒళ్లు ఓడిపోవడం అన్నది ఆయన వాదనలోని సారం. సెక్లర్ వాదం అంతటితో ఆగలేదు. 2013లో ఆర్థికవేత్త అరవింద్ పనగారియా, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద భారతీయ శిశువులకు సరిపోదని, జన్యు భేదాలను లెక్కలోకి తీసుకోవాలని మళ్లీ రాశారు.

ఆ కొలబద్ద ఎలా తయారైందో చెప్పాలి. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల పిల్లలను కొలిచి 2006లో ప్రకటించారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు. అందరూ తల్లిపాలు తాగినవాళ్లు, తిండికీ శుభ్రతకూ లోటులేని ఇళ్లవాళ్లు. పొడవులో కనిపించిన తేడాల మొత్తంలో దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది 3 శాతం మాత్రమే. ఒకే ఊళ్లో బిడ్డకూ బిడ్డకూ మధ్య ఉన్నది 70 శాతం. పొడుగు తల్లిదండ్రులకు పొడుగు పిల్లలు పుడతారు, నిజమే. ఆ 70 శాతంలో వంశం పాత్ర పెద్దదే. ఒక రాష్ట్రంలో మూడోవంతు పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేకపోతే మాత్రం దానికి వంశం జవాబు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల కుంగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. మన ఇంటి పిల్లలు అమెరికాలో పుట్టి పెరిగి తల్లిదండ్రులను మించి ఎత్తు ఎదగడం చూస్తూనే ఉన్నాం. వాళ్ల జన్యువులు విమానంలో మారలేదు.

ఇక షుగర్, గుండెజబ్బుల సంగతి. ఇది ఎత్తుకంటే చిక్కైనది, కాబట్టి కాస్త ఎక్కువసేపు దీని దగ్గర ఆగుతాను.

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే మంత్రసానుల పర్యవేక్షకురాలు ఒక పద్ధతి పెట్టింది. ప్రతి బిడ్డనూ పుట్టినప్పుడు తూచడం, ఏడాది నిండాక మళ్లీ తూచడం, ఆ లెక్కను పుస్తకంలో రాయడం. డెబ్బై ఏళ్లు దాటాక డేవిడ్ బార్కర్ బృందం ఆ పుస్తకాలు తెరిచి, అందులోని మగపిల్లలు పెద్దవాళ్లయి ఏ జబ్బుతో పోయారో వెదికింది. ఏడాదినాటికి బరువు తక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువ. 1989లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పత్రం పెద్దల జబ్బులకు వేళ్లు ఎక్కడున్నాయో చూపించింది. అప్పటిదాకా గుండెపోటును నడివయసు అలవాట్లతోనే లెక్కకట్టేవారు.

నెదర్లాండ్స్ కరువు మరో సాక్ష్యం. 1944 శీతాకాలంలో జర్మన్ సేనలు ఆహారం రవాణాను ఆపేశాయి, కాలువలు గడ్డకట్టాయి. పశ్చిమ నగరాల్లో మనిషికిచ్చే రేషన్ రోజుకు 1000 కేలరీలకంటే కిందికి, చివరి నెలల్లో 600 కంటే కూడా కిందికి పడిపోయింది. 1945 మేలో విముక్తి వచ్చాక తిండి మళ్లీ దొరికింది. కరువుకు మొదలూ చివరా తేదీలతో సహా తెలియడంతో, ఏ బిడ్డ కడుపులో ఏ నెలలో ఆకలి చూసిందో లెక్క తేలింది. చివరి నెలల్లో ఆకలి చూసినవాళ్లు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో చూసినవాళ్లు మామూలు బరువుతోనే పుట్టారు, కాని పెద్దయ్యాక ఊబకాయం, గుండెజబ్బు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. 2008లో బాస్టియాన్ హైమన్స్ బృందం, గర్భం నిలిచేనాటికే కరువులో ఉన్న తల్లుల బిడ్డలను అరవై ఏళ్లు వచ్చాక పరీక్షించింది. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు, కరువు చూడని తోబుట్టువులకంటే వీళ్లలో తక్కువగా ఉన్నాయి. జన్యువు అక్షరాలు మారలేదు. ఆ జన్యువు ఎంత గట్టిగా పనిచేయాలో చెప్పే గుర్తులు మారాయి. కరువు ముగిసిన ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఒంట్లో దాని ఆనవాలు మిగిలే ఉంది.

ఇది తెల్లవాళ్ల కథ, మనకేమిటని అనుకోవద్దు. మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే ఇంతకంటే విలువైన అధ్యయనం జరిగింది. దాని గురించి తెలుగులో రావలసినంత రాలేదన్న బాధ నాకుంది. 1987 నుంచి 1990 దాకా 29 ఊళ్లను తీసుకుని, 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. మిగతా 14 ఊళ్లకు ఆ కార్యక్రమం అప్పటికింకా రాలేదు. ఆ ఉప్మాతో పుట్టిన బిడ్డల బరువు పెరిగింది కొద్దిగానే. అంతటితో ఆగి ఉంటే ఈ పథకం దండగ అని తేల్చేసేవారు. కాని 2003-05 మధ్య సంజయ్ కిన్రా బృందం, పోషకాహార సంస్థతో కలిసి, ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ వెళ్లి కొలిచింది. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం వాళ్లలో తక్కువ. రక్తనాళాల బిరుసు తక్కువ. కొవ్వు మాత్రం పెరగలేదు. ఇంకో దఫా 20-25 ఏళ్ల వయసులో చూస్తే, చదువు, ఉపాధి ఎక్కువ, అప్పటికే పెళ్లయినవాళ్లు తక్కువ. షుగర్ వంశాలూ మంచి వంశాలూ ఆ 15 ఊళ్లలోనూ ఉన్నాయి, ఈ 14 ఊళ్లలోనూ ఉన్నాయి. వేరుగా ఉన్నది ఆ ఒక్క పూట తిండి.

జన్యువులకు పనిలేదని నేననడం లేదు. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని ఒక రూపం ఉన్న భారతీయులకు టైప్ 2 డయాబెటిస్ అవకాశం ఎక్కువని మన సీసీఎంబీ శాస్త్రవేత్త గిరిరాజ్ చాండక్, పుణె వైద్యులతో కలిసి 2007లోనే చూపించారు. అయితే ఆ రూపం యూరప్ వాళ్లలోనూ ఉంది. మన దగ్గర జబ్బు ఇంత చిన్న వయసులో, ఇంత సన్నటి ఒంట్లో ఎందుకు వస్తోందో ఆ ఒక్క జన్యువుతో తేలదు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993లో ఆరు పల్లెల్లో మొదలుపెట్టిన అధ్యయనం అక్కడ దారి చూపింది. అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. తగ్గిన బరువు కండలోనూ, పొట్టలోని అవయవాల్లోనూ తగ్గింది. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూపులకు సన్నం, లోపల కొవ్వు. ఆ తల్లుల్లో ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తిన్నవాళ్ల బిడ్డలు పెద్దగా పుట్టారు. ఎన్ని కేలరీలు తిన్నారన్నదానికంటే ఏం తిన్నారన్నదే ఎక్కువ పనిచేసింది. మూడు పూటలా అన్నం, పల్చని చారు, పచ్చడి మెతుకులతో కడుపు నింపుకునే తల్లికి ఈ సంగతి చెప్పాలి. ఆమెకంటే ముందు ఆమె అత్తగారికి చెప్పాలి. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని చూలింతను తగ్గించి తినమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పథ్యం పేరుతో బాలింతకు పప్పూ కూరా వద్దనే ఇళ్లూ ఉన్నాయి.

గర్భిణులకు మాత్రగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లంతో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేక బంధముంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనతకు ఈస్టు సారంతో నయమవుతుందని గుర్తించింది. ఆ సారంలో ఉన్నదేమిటో తేల్చి, 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భం నిలవకముందు నుంచే ఆ మాత్ర వేసుకుంటే, ఒకసారి వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి రెండో బిడ్డలో అదే లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలోని అధ్యయనంలో రుజువైంది. అప్పటికి సుబ్బారావు పోయి 43 ఏళ్లు.

ఆ 'ముందు నుంచే' అన్నది చాలా ముఖ్యం. బిడ్డ వెన్నునాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని అమ్మాయి గమనించేసరికే ఆ గడువు దాదాపు అయిపోతుంది. మన దగ్గర మాత్ర చేతికి వచ్చేది ఆస్పత్రిలో పేరు రాయించాక, మూడో నెలలోనో నాలుగో నెలలోనో. రక్తం పెంచడానికి అది పనికొస్తుంది, వెన్నునాళానికి పనికిరాదు. పుణె అధ్యయనం నుంచి ఇంకో హెచ్చరిక కూడా ఉంది: ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైన తల్లుల పిల్లల్లో, ఆరేళ్ల వయసులో, ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. దీన్ని విని మాత్ర మానేయమని ఎవరూ చెప్పకండి. బి12 జత చేయమని చెప్పండి. పాలు, గుడ్డు, చేప అందని ఆడపిల్ల కంచంలో ఆ విటమిన్ ఉండదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణికి గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెడుతున్నారు. మంచి పని. అది ఆమె గర్భిణి అయ్యాక మొదలవుతోంది. నా మనవి ఏమిటంటే, అది ఆమె పదో తరగతిలో ఉన్నప్పుడు మొదలు కావాలి. ఇందాక చెప్పిన సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ రెండు లెక్కలూ ఒకే అమ్మాయివి కావచ్చు. ఆమె ఒళ్లే ఇంకా ఎదుగుతుండగా మరో ఒంటికి చోటివ్వాలి.

వంశం నిజంగానే మాట్లాడే చోటు కూడా ఉంది. అక్కడ మనం దాని మాట వినం. మేనరికం పెళ్లిలో దంపతులకు జన్యువుల్లో ఎనిమిదోవంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో నాలుగోవంతు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులకు ఇది దారి తెరుస్తుంది. అలాంటి బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో వంశం పేరెత్తరు. దిష్టి అంటారు, గ్రహణం అంటారు, ఖర్మ అంటారు. ఎత్తు తగ్గితే వంశాన్ని తలచుకుని, ఇక్కడ మరచిపోతున్నాం.

ఇలాంటి జబ్బుల్లో కూడా తిండి బిడ్డను కాపాడిన ఉదాహరణ ఉంది. 1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్, బుద్ధి ఎదగని ఇద్దరు తోబుట్టువుల మూత్రం పరీక్షించి ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును గుర్తించారు. ఒక్క జన్యువు లోపం. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్అలనిన్ అనే పదార్థాన్ని ఒళ్లు మార్చుకోలేదు, అది పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. 1950లలో హోర్స్ట్ బికెల్ ఆ పదార్థం తగ్గించిన ఆహారం ఇచ్చి చూశారు. 1960ల్లో రాబర్ట్ గత్రీ, బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం కాగితం మీద ఆరబెట్టి పరీక్షించే పద్ధతి తెచ్చారు. మొదటి వారాల్లోనే జబ్బు పట్టుబడి తిండి మార్చిన పిల్లలు అందరిలాగే చదువుకుంటున్నారు. లోపమున్న జన్యువు జీవితాంతం అలాగే ఉంటుంది, బిడ్డ మాత్రం బాగుంటుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ, ప్రభుత్వాస్పత్రిలో పుట్టినా పల్లె ఆరోగ్యకేంద్రంలో పుట్టినా, ఈ మడమ పరీక్ష మన రెండు రాష్ట్రాల్లోనూ హక్కు కావాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట దీని అవసరం ఇంకా ఎక్కువ.

ఇక్కడ కూర్చున్న అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక మాట. మీరు నెలనెలా రాసే బరువుల పుస్తకం పై అధికారికి చూపించడానికి మాత్రమే అనుకోకండి. బర్న్‌సైడ్ రాయించినవీ అలాంటి పుస్తకాలే. తల్లీబిడ్డల రక్షణ కార్డును ఇనప్పెట్టెలో పట్టా కాగితాల పక్కన దాచమని ప్రతి తల్లికీ చెప్పండి. అధికారులను నేను కోరేది కూడా ఇదే: నిండిన పుస్తకాలను పాత కాగితాలవాడికి వేయకుండా, జిల్లాకొకచోట భద్రపరచండి. 29 ఊళ్లలో దొరికిన జవాబు 2,900 ఊళ్లలో దొరకాలంటే ఆ పుస్తకాలే ఆధారం.

మన మొదటి గోష్ఠి కౌమార బాలికల ఆహారం మీద. పత్రాలు చదివేవారు ముగ్గురు. వారి తర్వాత గ్రామాల నుంచి వచ్చిన కార్యకర్తలకు అరగంట కేటాయించాం, ఆ సమయాన్ని ఎవరూ తగ్గించవద్దని ముందే విన్నవిస్తున్నాను. మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.