బండి వేడెక్కితే బెంబేలు పడొద్దు, కారణం పట్టుకుందాం

(లక్డీకాపూల్‌లో జరిగిన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కరెంటు, విత్తనాల గురించి మాట్లాడుకునే వేదిక మీద పాత కారు ఇంజన్ ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన ఊళ్లలో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి కారో జీపో ఉంటే అది ఒక ఇంటి బండి కాదు, సగం ఊరి బండి. బోరు మోటారు కాలిపోతే రివైండింగ్‌కు మోసుకెళ్లేది అదే. విత్తనాలు, మందులు తెచ్చేది అదే. రాత్రిపూట మనిషికి బాగోలేకపోతే ఆసుపత్రికి పరుగెత్తేదీ అదే.

మనం కూర్చున్న ఈ లక్డీకాపూల్‌నే చూడండి. పేరుకు అర్థం కట్టె వంతెన. ఇక్కడికి దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. జబ్బు మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని జిల్లాల నుంచి బండ్లు ఇక్కడికి వస్తూనే ఉంటాయి. హైవే మీద వంద కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చిన బండి, మాసబ్‌ట్యాంక్ దాటి ఈ ట్రాఫిక్‌లో ఇరుక్కునేసరికి సూది ఎర్రగీత తాకుతుంది. బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తుంది. ఇంజన్ పోయిందని గుండె జారిపోతుంది. ఆ భయంలో ఎవరు ఏం చెప్పినా తలూపుతాం, ఎంత అడిగినా ఇస్తాం. వంద రూపాయల ఫ్యూజుతోనో బెల్టుతోనో పోయే పనికి ఇంజన్ విప్పించుకుంటాం.

మేం చెప్పదలచుకున్నది ఒకటే. వేడి రోగం కాదు, జ్వరం లాంటి లక్షణం. అది ఎప్పుడు వచ్చింది, ఎక్కడ వచ్చింది అని గమనిస్తే సగం కారణం దొరికినట్టే.

ముందు బండిలో నీళ్ల దారి తెలుసుకుందాం. ఇంజన్ లోపల నీళ్లు తిరుగుతాయి. వాటర్ పంపు వాటిని తోస్తుంది. వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌లోకి వచ్చి, గాలికి చల్లారి, మళ్లీ ఇంజన్‌లోకి పోతాయి. మధ్యలో థర్మోస్టాట్ ఉంటుంది. చెరువు తూముకు తలుపు లాంటిది. నీళ్ల వేడి దాదాపు 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. నీళ్లు ఉండాలి, పారాలి, గాలి తగలాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా బండి వేడెక్కుతుంది.

హైవే మీద బాగుండి, ట్రాఫిక్‌లో నిలబడితేనే వేడెక్కుతోందా? అయితే లోపం గాలిలో ఉంది. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. మారుతి 800 లాంటి కార్లలో ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. ఏసీ ఉన్న చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరు, ఫ్యాన్ మోటారు ఈ వరసలో చూడమనండి. ఏసీ వేస్తే తిరిగి, మామూలుగా ఇంజన్ వేడెక్కినప్పుడు తిరగకపోతే అనుమానం వేడి స్విచ్ మీద. పాత జీపులు, అంబాసిడర్లలో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. ఆ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. ఇంజన్ ఆపి బెల్టును బొటనవేలితో నొక్కి చూడండి. అర అంగుళం కుంగితే సరే, వేలాడితే జారుతున్నట్టే.

నిలబడితే బాగుండి, బరువుతోనో ఎత్తు ఎక్కుతూనో వేడెక్కుతోందా? అయితే లోపం పారకంలో ఉంది. రేడియేటర్ లోపల పొర కట్టి ఉంటుంది, లేదా పంపు రెక్కలు తుప్పుపట్టి ఉంటాయి. ఇంజన్ రేసు పెంచినప్పుడు కింది హోస్ పైపు నొక్కుకుపోతుంటే ఆ పైపు మెత్తబడింది, మార్చాలి. బయట కూడా చూడండి. రేడియేటర్ జాలీలో పొట్టు, పత్తి నూగు, పురుగులు కూరుకుపోతే గాలి దూరదు. వరికోతల్లో ట్రాక్టర్లకు ఇదే జరుగుతుంది. ఇంజన్ చల్లారాక, ఇంజన్ వైపు నుంచి బయటికి సన్నని ధారతో కడగాలి. జోరు ఎక్కువైతే జాలీ రేకులు వంగిపోతాయి.

స్టార్ట్ చేసిన పది నిమిషాలకే, ఎక్కడైనా వేడెక్కుతోందా? ఇంజన్ మండిపోతున్నా పై హోస్ పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుంది. బయట ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గిపోవడం, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ, ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉండటం, ఇవి కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లాలి. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని నడిపితే హెడ్ వంగుతుంది, ఇంజన్ సీజ్ అవుతుంది.

ఇక దారిలో వేడెక్కితే ఏం చేయాలి? ఏసీ ఆపండి. హీటర్ ఉంటే పూర్తిగా వేయండి, అది ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. పక్కకు తీసి ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తండి. బండిలో జబ్బు మనిషి ఉంటే బండి సంగతి తర్వాత. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన ఆటోలో పంపించండి.

రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయొద్దు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కానీ రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. లోపల ఒక బార్ ఒత్తిడి ఎక్కువగా ఉంటే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే అంతా ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చూపు పోయే ప్రమాదం ఉంది. కనీసం అరగంట ఆగండి. పై హోస్ పైపు మీద చేయి ఆన్చగలిగాక, గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, ఇనుము పగులుతుంది. మూత స్ప్రింగు సడలినా నీళ్లు ముందే మరుగుతాయి. కాబట్టి మూత కూడా పరీక్షించండి. మార్చేటప్పుడు దాని మీద ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే అంకెది వేయండి.

నీళ్ల గురించి ఒక మాట. మన బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లపొర కడుతుంది కదా, రేడియేటర్‌లోనూ అదే పొర కడుతుంది. దారిలో తప్పనిసరైతే ఏ నీళ్లయినా పోయండి. ఇంటికి చేరాక వాటిని తీసేసి, కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. మామూలుగా సగం సగం. పశువులున్న ఇళ్లవాళ్లు జాగ్రత్తగా వినండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అది విషం. దూడ గానీ కుక్క గానీ నాకితే మూత్రపిండాలు పాడై చనిపోతుంది. పాత కూలెంట్‌ను దొడ్లో, కాలువలో పారబోయొద్దు. డబ్బాలో పోసి పిల్లలకు అందకుండా పెట్టండి.

మెకానిక్ అన్న మన శత్రువు కాదు. ఎక్కువమంది మనలాగే చెమటోడ్చి బతికేవాళ్లు. అయినా అడగాల్సింది అడగాలి. "థర్మోస్టాట్ తీసేద్దాం, మన ఎండలకు అక్కర్లేదు" అంటే ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. హెడ్ విప్పేముందు ప్రెషర్ టెస్ట్ చేయమనండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మనండి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌ను విప్పి శుభ్రం చేసి టంకం వేయవచ్చు, కొత్తది కొనాల్సిన పనిలేదు. కొనక తప్పకపోతే పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగండి. ఎరువుల దుకాణంలో అడిగినట్టే ఇక్కడా బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ రేడియేటర్ మీద జీఎస్టీ 5 శాతం, కారు విడిభాగాల మీద 18 శాతం. ట్రాక్టర్ సామానుకు కారు పన్ను వేశారేమో చూసుకోండి.

చివరిగా, బండి ఒకసారి వేడెక్కగానే "పదిహేనేళ్లు దాటింది, ఇక తుక్కే" అని చౌకగా కొట్టేయాలని చూసేవాళ్లుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి బాగుంటే, తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఢిల్లీ పరిసర ప్రాంతానిది, మనది కాదు. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా బాగా చూసుకున్న బండ్లు ఇంకా నడుస్తున్నాయి. మరమ్మతుకు ఎంతవుతుందో తెలియకుండా, కంగారులో బండి అమ్ముకోవద్దు.

ప్రతి మండల కమిటీకి మా విన్నపం ఇది. ఉగాది లోపు ఒక రోజు పెట్టుకుని, తెలిసిన మెకానిక్‌ను పిలిచి, ఊళ్లో ఉన్న పాత కార్లు, జీపులు, ట్రాక్టర్లకు బెల్టు, హోసులు, మూత, ఫ్యాన్, నీళ్లు ఈ ఐదూ చూపించండి. ఆయన కూలి తలా కొంత వేసుకుందాం. ఎండలు ముదిరాక ఆసుపత్రి దారిలో బండి ఆగిపోకుండా ఉండాలంటే ఆ ఒక్క పూట ఖర్చు చేయక తప్పదు.